పాత రోడ్ సైకిల్ బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు): కుడి కప్పు ఊడి రావట్లేదు, ఏ సైజు కొనాలి?

అనంత_సైకిల్ (అనంతపురం)
అన్నలూ, 80ల నాటి స్టీల్ రోడ్ సైకిల్. జపాన్ క్రాంకులు (పెడల్ చేతులు), ముందు రెండు చైన్‌రింగులు (పళ్ళ చక్రాలు), స్క్వేర్ టేపర్ (కొసలు నలుపలకలుగా సన్నబడే) యాక్సిల్, లోపల విడి బాల్స్. తాడిపత్రి రోడ్డులో కొంచెం ఎత్తు వచ్చినా టక్కు టక్కుమంటోంది. విప్పి చూస్తే యాక్సిల్ మీద బాల్స్ తిరిగే చోట గుంటలు, గోటికి తగులుతున్నాయి. ఎడమ కప్పు (బాల్స్‌ను పట్టి ఉంచే, మరలున్న గిన్నె) వచ్చేసింది. కుడిది షాపులో గట్టిగా ఎడమకు తిప్పినా కదల్లేదు. సీల్డ్ కార్ట్రిడ్జ్ (యాక్సిల్, బేరింగులు ఒకే ముక్కగా మూసి వచ్చేది) వేద్దామని ఉంది. షెల్ (ఫ్రేమ్‌లో ఇవన్నీ కూర్చునే అడ్డ గొట్టం) వెడల్పు 68 మి.మీ.

కర్నూలు_పెడల్
ఎడమకు తిప్పితే ఇంకా బిగుస్తుంది తమ్ముడూ, ఆపేయించు. కప్పు మీద 1.37×24 అని చెక్కి ఉంటే అది ఇంగ్లీషు మర. కుడివైపు రివర్స్, ఎడమవైపు మామూలు. ఇలా గుర్తుపెట్టుకో: ఏ వైపైనా స్పానర్ పైకొస ముందు చక్రం వైపు పోతే ఊడుతుంది, వెనక చక్రం వైపు పోతే బిగుస్తుంది. 36×24 అని ఉంటే ఇటాలియన్, షెల్ 70 ఉంటుంది, రెండు వైపులా మామూలు మరే. 35×1 అని ఉంటే మాత్రం ఫ్రెంచిది. దానికీ షెల్ 68 దాకే ఉంటుంది కాబట్టి వెడల్పు ఒక్కటే చూసి నమ్మొద్దు.

సీటు గొట్టం పైనుంచి తుప్పు వదిలే నూనె పోసి, సైకిల్‌ను కుడివైపుకు పడుకోబెట్టి రాత్రంతా వదిలెయ్. ఆ కప్పుకు స్పానర్ పట్టే అంచు చాలా సన్నం, జారితే నున్నబడిపోతుంది. అందుకని హార్డ్‌వేర్ షాపులో 5/8 అంగుళాల బోల్టు, నట్టు, మందపాటి వాషర్లు తీసుకో. బోల్టు తల లోపల ఉండేలా ఎడమవైపు నుంచి దూర్చి, బయట వాషరు, నట్టు వేసి కప్పును మధ్యలో నొక్కిపట్టేలా బాగా బిగించు. తర్వాత పొడుగాటి స్పానర్‌తో ఆ నట్టునే కుడికి తిప్పు. నట్టు బిగిసే దిక్కు, కప్పు ఊడే దిక్కు ఒకటే కాబట్టి పట్టు వదలదు.

కడప_స్పానర్
సైజు సంగతి. యాక్సిల్ మొత్తం పొడవు ఒక్కటే చూసి కొంటే తప్పుతుంది. పాత యాక్సిళ్ళలో కుడి కొస కొంచెం పొడుగుంటుంది, కార్ట్రిడ్జ్‌లో రెండు కొసలూ సాధారణంగా సమానం. కప్పు ఊడదీయకముందే పాత యాక్సిల్, కుడి క్రాంకు తిరిగి పెట్టి, సీటు గొట్టం బయటి అంచు నుంచి రెండు చైన్‌రింగుల నడిమికి ఎంతుందో కొలువు. గొట్టం 28.6 మి.మీ. లావైతే 29 దగ్గర రావాలి (చైన్‌లైన్, అంటే సైకిల్ నడిమి గీత నుంచి చైన్‌రింగుల నడిమి దాకా దూరం, 43.5). అట్లే బాల్స్ గాడి నుంచి రెండు కొసలూ విడివిడిగా కొలిచి చెప్పు.

అనంత_సైకిల్
కప్పు మీద 1.37×24 ఉంది. యాక్సిల్ 116, కుడి కొస 3 మి.మీ. ఎక్కువ. చైన్‌రింగుల నడిమికి 30 వచ్చింది. బోల్టు కిటుకుతో కప్పు ఊడొచ్చింది అన్నా!

కడప_స్పానర్
అయితే కుడి సగం 59.5, ఎడమ సగం 56.5. 117.5 కార్ట్రిడ్జ్‌లో సగం 58.75, అంటే చైన్‌రింగులు ముప్పావు మి.మీ. లోపలికి జరిగి సరిగ్గా 29.25కి వస్తాయి. 113 కొంటే మూడు మి.మీ. లోపలికి పోయి చిన్న చైన్‌రింగు ఫ్రేమ్‌కు రాసుకునే ప్రమాదం. షిమానో యూఎన్300లో 68×117.5 దొరుకుతుంది. జపాన్ క్రాంకులకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) టేపరే కావాలి, యూఎన్300ది అదే.

బిగించేటప్పుడు షెల్ మరలు కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్‌తో కడుగు. మన ఎర్రమన్ను గ్రీజుతో కలిస్తే ముద్దకట్టి మరల మధ్య కూర్చుంటుంది, గుడ్డతో తుడిస్తే పోదు. ఆరాక మరలకు ధారాళంగా గ్రీజు పెట్టు. కార్ట్రిడ్జ్‌ను కుడినుంచి చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పాల, చేత్తో పోకుంటే మర అడ్డం పడినట్టే, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టు. అంచు షెల్‌కు ఆనేదాకా కుడిది పూర్తిగా బిగించాకే ఎడమది. 20 పళ్ళ టూల్ కావాల. బిగువు 50–70 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకుంటే 30 సెం.మీ. పిడి కొసన 20 కిలోల బరువు మోపినంత.

కర్నూలు_పెడల్
క్రాంకు బోల్టుకు 40 న్యూటన్ మీటర్లు చాలు, అదే పిడి మీద 13–14 కిలోలు. టేపర్ మీద గ్రీజు వద్దు, పొడిగా తుడిచి పెట్టు. 50 కి.మీ. తిరిగాక ఒక్కసారి బిగువు చూసుకో, ప్రతివారం బిగించుకుంటూ పోతే క్రాంకు టేపర్ మీద ఎక్కి ఎక్కి రంధ్రం సాగిపోతుంది.

కడప_స్పానర్
టేపర్ మీద పల్చటి గ్రీజు పూత పెట్టాలనే నా మాట. ఊరికే పెట్టేస్తే తుప్పుతో పట్టేసి తర్వాత పుల్లర్ (క్రాంకు ఊడదీసే పనిముట్టు) పట్టే మరలు తెగుతాయి. బోల్టు బిగువు మాత్రం దాటొద్దు. ఇంకొకటి, షెల్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, మన్నుతో మూసుకుపోయి ఉంటే పుల్లతో తెరువు. సీటు గొట్టంలోంచి దిగిన వాననీళ్ళు పోయే దారి అదొక్కటే.