ఐచ్ఛిక సిఫారసు లేఖ ఎవరి చేత రాయించాలి?

ప్రశ్న (ఒక తల్లి, కడప):
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతూ, అమెరికాలో డిగ్రీ కోసం, ఒకే దరఖాస్తును అనేక కళాశాలలకు పంపే కామన్ యాప్ అనే వెబ్‌సైటు ద్వారా దరఖాస్తు చేస్తున్నది. లెక్కలు, ఇంగ్లీషు చెప్పే ఉపన్యాసకులు లేఖలు రాస్తామన్నారు, కాలేజీ తరఫున రాయాల్సిన కౌన్సెలర్ లేఖ ప్రిన్సిపాల్ గారు చూసుకుంటారు. ఇవి గాక, ఇష్టముంటే మరొకరి చేత రాయించుకోవచ్చునట. మా బావగారికి ఆప్తులైన ఒక మాజీ ఎమ్మెల్యే గారు తమ లెటర్‌హెడ్ మీద రాసిస్తామన్నారు. అమ్మాయి సెలవుల్లో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి తాళపత్రాల జాబితా తయారీలో సాయపడేది. ఆ పని దగ్గరుండి చూసిన పెద్దాయన కూడా రాస్తారు గాని, ఆయనకు చెప్పుకోదగిన హోదా లేదు. ఎవరిని అడగమంటారు?

జవాబు (ప్రొద్దుటూరు వాసి, ప్రస్తుతం టెక్సాస్):
అమ్మా, నిస్సందేహంగా గ్రంథాలయం పెద్దాయననే అడగండి. మార్కులు ఎలాగూ దరఖాస్తులో ఉంటాయి, తరగతిలో ఆమె ఎలా ఉంటుందో ఉపన్యాసకులు రాస్తారు. కాబట్టి వీరెవరూ చెప్పలేని సంగతి ఏదైనా ఉంటేనే అదనపు లేఖకు విలువ. ఉదాహరణకు, ఒకే కట్టలో రెండు గ్రంథాల ఆకులు కలిసిపోయి ఉంటే, చేతిరాతనూ ఆకుకు ఎన్ని పంక్తులున్నాయన్నదానినీ చూసి మీ అమ్మాయి వాటిని వేరు చేసిందనుకోండి, దానిని కళ్లారా చూసినవారు రాసిన నాలుగు వాక్యాలు చాలు. ఎమ్మెల్యే గారు మాత్రం ‘మంచి కుటుంబం, తెలివైన పిల్ల’ అనడం మించి ఏం రాయగలరు? అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల తోటి విద్యార్థి రాసిన లేఖనే పంపమని ప్రోత్సహిస్తుంది. హోదాకే విలువైతే అలా అడగరు కదా.

అయితే ముందుగా కామన్ యాప్‌లో ఒక్కో కళాశాల పేజీ తెరిచి, ఇలాంటి లేఖలు ఎన్ని తీసుకుంటారో చూడండి. కొన్ని కళాశాలలు ఒక్కటి కూడా తీసుకోవు.

జవాబు (విశ్రాంత ఉపన్యాసకుడు, కడప):
పై మాటతో ఏకీభవిస్తున్నాను. కాకపోతే మన ప్రాంతంలో ఒక పెద్దమనిషి తానుగా ఇస్తానన్న ఉత్తరాన్ని వద్దనడం అంత తేలిక కాదు, మీ బావగారి మాట కూడా పోకూడదు. దానికి ఒక దారి ఉన్నది. రాసేవారికి ఈ-మెయిల్‌లో లింకు వస్తుందనీ, వారే ఆన్‌లైన్‌లో ఫారం నింపి, విద్యార్థిని ఎలా తెలుసో చెప్పి, లేఖను జతచేయాలనీ వివరించండి. ఇది ఉన్న మాటే. ఆ శ్రమంతా విన్న తరువాత ఆయనే ‘పోనీలేమ్మా’ అంటారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే పెద్దాయన తెలుగులోనే చక్కగా రాస్తారు. అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చవచ్చునా?

జవాబు (ప్రొద్దుటూరు వాసి):
మార్చకూడదమ్మా. తన గురించిన లేఖను తానే అనువదిస్తే దానిని ఎవరూ నమ్మరు. పైగా ఎఫ్ఈఆర్‌పీఏ అనే 1974 నాటి అమెరికా చట్టం ఇచ్చిన, కళాశాలలో చేరిన తరువాత లేఖలను చూసే హక్కును వదులుకుంటున్నానని విద్యార్థులు సాధారణంగా ముందే ఒప్పుకుంటారు. అలా ఒప్పుకున్న పిల్లే ఆ లేఖను చదివి అనువదించడం పద్ధతి కాదు. బంధువు కాని ఇంగ్లీషు అధ్యాపకులెవరైనా అనువదించి, కింద తమ పేరు రాసి సంతకం చేస్తే, పెద్దాయన మూలాన్నీ అనువాదాన్నీ ఒకే పీడీఎఫ్‌గా పంపవచ్చు. చాలా కళాశాలల గడువు జనవరి మొదటి రోజుల్లోనే ముగుస్తుంది గనుక దసరా సెలవుల్లోనే ఆయనను కలవండి.