పేతురు అన్న రెండు మాటలు: నిషిద్ధం, అపవిత్రం

కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు 10:14 గురించి ఒక మాట. యొప్పే అనే ఊళ్లో మిట్టమధ్యాహ్నం యేసు శిష్యుడు, యూదుడు అయిన పేతురు మిద్దె మీద ప్రార్థనకు కూర్చుంటే ఆకలేస్తుంది. పెద్ద దుప్పటిలాంటిది ఒకటి ఆకాశం నుంచి దిగుతుంది. దాన్నిండా సకల విధాల జంతువులు, పాకేవి, పక్షులు. చంపుకొని తినమని ఆకాశవాణి అంటే పేతురు ‘నిషిద్ధమైనది అపవిత్రమైనది ఏదైనను నేనెన్నడును తినలేదు’ అంటాడు.

మన బైబిలు తెలుగులో జంటమాటలకు కొదవ లేదు కాబట్టి ఇదీ అలాంటిదేలే అని చదువుకుంటూ పోతాం. మూలమైన గ్రీకులో మాత్రం ఇవి వేర్వేరు. రెండోది ‘అకాథార్తోస్’. పాత నిబంధనలో తినదగినవీ తినరానివీ చెప్పే లేవీయకాండం గ్రీకు అనువాదంలో పందికి, ఒంటెకు వాడింది ఇదే. ఆ జంతువు జాతే అపవిత్రం. మొదటిది ‘కొయినోస్’, అంటే ఉమ్మడిది. ఇదే పుస్తకం 2:44లో విశ్వాసులు ఆస్తులన్నీ ‘సమష్టిగా’ ఉంచుకున్నారన్నచోట ఉన్నదీ ఈ మాటే. అక్కడ మెచ్చుకోలు, ఇక్కడ అసహ్యం!

దుప్పటిలో అన్ని రకాలూ ఉన్నాయంటే మేకో గొర్రో కూడా ఉండాలి కదా. దాన్ని ఎంచుకుని తినొచ్చు. ఎందుకు వద్దన్నాడు? పక్కనున్నవాటితో కలిసిపోయింది కాబట్టి అని కొందరు పండితుల వాదన. నాకు అదే సబబనిపిస్తుంది.

వ్యాఖ్య: మడి బట్ట లెక్కన్నమాట. ఉతికి ఆరేసిందే, మురికేమీ లేదు, ఎవరో తాకారు, మైలపడింది.

జవాబు: సరిగ్గా పట్టుకున్నారండీ. ‘నిషిద్ధం’ అనగానే ఎవరో వద్దన్నారనిపిస్తుంది గానీ అంటు సంగతి స్ఫురించదు. తమాషా ఏమిటంటే మోషే ధర్మశాస్త్రంలో ఇంత పట్టింపు లేదు. లేవీయకాండం 11లో కళేబరాన్ని ముడితే అపవిత్రత. బతికున్న పంది పక్కన నిలబడినంత మాత్రాన మేకకేమీ అంటదు. పైగా పేతురు దిగింది చర్మకారుడైన సీమోను ఇంట్లో, రోజూ కళేబరాల తోళ్లతో పని ఉండే ఇల్లు. తోళ్లు ఊనేచోటు ఊరికి 50 మూరల దూరాన ఉండాలని యూదు రబ్బీల నియమాల సంకలనమైన మిష్నా నియమం.

వ్యాఖ్య: అంత లోతు లేదేమో గురువుగారూ. 10:28లో మనుషుల గురించి చెప్పేటప్పుడూ అదే జంట వాడాడు.

జవాబు: వాడాడు, ఒప్పుకుంటాను. కానీ ఆకాశవాణి చూడండి. పేతురు రెండు మాటలంటే అది ఒక్కటే పట్టుకుంటుంది: దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు ‘కొయినోస్’ చేయకు. 11వ అధ్యాయంలో కథ మళ్లీ చెప్పినప్పుడూ అంతే. ఆ వెంటనే కైసరయలో యూదుడు కాని కొర్నేలీ అనే రోమా శతాధిపతి గడప తొక్కాల్సి వచ్చింది. అక్కడ గొడవ తిండి కంటే ముందు సహవాసం గురించి.

వ్యాఖ్య: మరి ఆ తర్వాత క్రైస్తవుల్లో అంటు పోయినట్టేనా అండీ? బహిష్టు మాటేమిటి?

జవాబు: పోలేదమ్మా, చాలాకాలం తగువు నడిచింది. 3వ శతాబ్దంలో సిరియాలో పుట్టిన ‘డిడస్కాలియా’ అనే సంఘ నియమాల పుస్తకం, ఆ ఏడు రోజులూ ప్రార్థన, వాక్యం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం) మానేసే స్త్రీలతో గట్టిగా వాదిస్తుంది. ఆ రోజుల్లో పరిశుద్ధాత్మ నీలో లేదనుకుంటే, అప్పుడే చనిపోతే నీ గతేమిటని నిలదీస్తుంది. రక్తస్రావమున్న స్త్రీ యేసు వస్త్రపు చెంగు ముడితే ఆయన కోప్పడలేదు, బాగు చేశాడు కదా అంటుంది. అదే శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ మాత్రం బసిలీదెస్ అనే మరో బిషప్‌కు రాసిన లేఖలో ఆ స్త్రీనే ఎదురు సాక్ష్యంగా తెచ్చాడు. ఆమె కూడా ఆయన్ని తాకలేదు, చెంగు మాత్రమే తాకింది. కాబట్టి ప్రార్థించుకోవచ్చు గానీ బల్ల దగ్గరికి రాకూడదని. ఇద్దరికీ ఆధారం ఒకే చెంగు! (మన బైబిల్లో ఆమె ‘ముట్టెను’. ఆ క్రియలోనే మనవాళ్లకు రెండర్థాలూ ఉన్నాయి.)

వ్యాఖ్య: చావు మైల?

జవాబు: దాంట్లో మాత్రం బాగా తెగించారు. సమాధుల దగ్గరే కూడి ప్రార్థించుకోమని, ఎముకలు తాకితే అంటదని డిడస్కాలియా చెబుతుంది. పాత నిబంధనలో ఎలీషా ప్రవక్త ఎముకలు తగిలి శవం లేచిన కథే దానికి ఆధారం. క్రైస్తవం వదిలి పాత దేవతల మతం వైపు మళ్లిన రోమా చక్రవర్తి జూలియన్‌కు ఇదే కంటగింపు. లోకాన్ని గోరీలతో నింపేశారని తిట్టిపోశాడు. పగటిపూట శవయాత్రలు వద్దని 363లో శాసనమూ చేశాడు.