ఐ.ఈ. (i.e.) కి, ఈ.జీ. (e.g.) కి తేడా ఏంటి? మెయిల్‌లో పరువు పోయింది

కందిపొడి:
ఫ్రెండ్స్ చిన్న డౌట్, నవ్వకండి. ఆ మధ్య క్లయింట్‌కి మెయిల్ పెట్టా, పండగలకి, ఐ.ఈ. దసరా దీపావళికి, మా టీమ్ ఉండదు అని. నా ఉద్దేశం అలాంటి పండగలన్నిటికీ అని, సంక్రాంతి కూడా అందులోదే కదా. వాళ్లేమో ఆ రెండే అనుకుని సరిగ్గా భోగి రోజు రిలీజ్ పెట్టారు, ఇదేంటి అంటే నా మెయిలే నాకు చూపించారు. అక్కడ ఈ.జీ. రాయాలి కదయ్యా అన్నాడు మా లీడ్. పదేళ్ల నుంచి రెండూ ఒకటే అనుకుని వాడేస్తున్నా, ఇప్పుడేమో అసలు అవి ఇంగ్లీషే కాదు లాటిన్ అంటున్నారు. గుర్తుపెట్టుకునే కిటుకేదైనా ఉంటే చెప్పండి, లిస్టులు మాత్రం వద్దు, సాయంత్రానికి మర్చిపోతా.

పాతపంచాంగం:
ఐ.ఈ. అంటే ఇడ్ ఎస్ట్, మన "అనగా". ఈ.జీ. అంటే ఎగ్జెంప్లి గ్రేషియా, మన "ఉదా.". ఆ చోట తెలుగు పెట్టి చదువుకో, ఏది అతుకుతుందో నీకే తెలుస్తుంది. నువ్వు రాసింది "పండగలు, అనగా దసరా, దీపావళి" అని, మరి వాళ్ల తప్పేముంది. ఇంకోటి, ఈ.జీ. తో మొదలుపెట్టి చివర ఎట్‌సెట్రా తగిలించకు, ఉదాహరణలని చెప్పాక మళ్లీ "మొదలైనవి" ఎందుకు. "అండ్ ఎట్‌సెట్రా" కూడా వద్దు, ఎట్ అంటేనే "మరియు". దాన్ని ఎక్సెట్రా అని పలకడం గురించి నేనేం మాట్లాడను, మా ఇంట్లోనే ముగ్గురున్నారు.

మందులషాపు:
మా షాపుకి రా అన్నా, రోజంతా లాటినే. చీటీలో ఓడీ అంటే రోజుకోసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు (జీతంలో కోసేది కాదు), హెచ్ఎస్ అంటే పడుకునేముందు. మొన్న ఒక పెద్దాయన చీటీ అటూ ఇటూ తిప్పి, "నన్ను మానెయ్యమని మళ్లీ ఆయనే బీడీ అని రాశాడేంటి బాబూ" అన్నాడు, జోకో నిజమో తెలీక నేను సీరియస్‌గానే చెప్పా. కానీ అసలు గొడవ ఎస్ఓఎస్ తో. అది సి ఓపుస్ సిట్, అంటే అవసరమైతేనే వేసుకో అని. జనం ఓడ మునిగేటప్పటి ఎస్ఓఎస్ అనుకుని, అర్జెంట్ మాత్ర ఇదేనని జ్వరం లేకపోయినా ముందు అదే మింగేస్తారు. కంటి డాక్టర్ రాసిన ఓడీ మళ్లీ వేరే, అది కుడి కన్ను.

కోర్టుబయట_టీ:
తెలుగు పేపర్ చదివేవాళ్లకి లాటిన్ కొత్తేం కాదు బ్రో. "మృతుల కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా" అని వస్తుంది చూడు, దయతో ఇచ్చేది అని అర్థం, అంటే హక్కుగా వచ్చే పరిహారం కాదు, అందుకే ఆ మాట ఏరుకుని మరీ వాడతారు. నీ ఈ.జీ. లో గ్రేషియా కూడా ఇదే. సుమోటో అంటే ఎవరూ పిటిషన్ వెయ్యకుండానే కోర్టు తనంతట తానే కేసు తీసుకోవడం. హెబియస్ కార్పస్ అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకి తీసుకురా అని, రాజ్యాంగం 226 ఆర్టికల్ కింద హైకోర్టులో వేస్తారు. ఇక బోనఫైడ్, "మంచి నమ్మకంతో" అని. బస్ పాస్ కోసం ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఎండలో క్యూ కట్టినప్పుడు ఇది లాటిన్ అని తెలిసుంటే కాస్త గర్వంగా నిలబడేవాణ్ని.

అమెరికాకోడలు:
నాకు ఇక్కడికొచ్చిన కొత్తలో కూరగాయల దగ్గర పౌండ్‌కి ఎల్‌బీ అని ఎందుకు రాస్తారో అర్థం కాలేదు, పౌండ్‌లో ఎల్ ఎక్కడుంది అసలు. అది లిబ్రా అంట, లాటిన్‌లో తక్కెడ. లిబ్రా అంటే మన తులారాశేగా, అప్పుడు వెలిగింది.

పాతపంచాంగం:
బాగా చెప్పావమ్మా. ఏఎం, పీఎం కూడా అంతే. మెరిడియం అంటే మధ్యాహ్నం, యాంటె అంటే ముందు, పోస్ట్ అంటే తర్వాత. పంచాంగంలో పూర్వాహ్ణం, అపరాహ్ణం అని ఉంటాయే, అవే ఇవి. ఆ మెరిడియంలో ఉన్న మీడియస్‌కీ మన "మధ్య"కీ చుట్టరికం కూడా ఉంది, పాత కాలం నుంచి వచ్చిన ఒకే మాట అది.

కందిపొడి:
అందరికీ థాంక్స్, "అనగా" కిటుకు బుర్రలో దిగిపోయింది. ఇవాళ క్లయింట్‌కి మళ్లీ మెయిల్ పెట్టా, ఐ.ఈ., ఈ.జీ. రెండూ వద్దని పండగలన్నీ పేరుపేరునా రాసేశా. సెండ్ కొట్టాక చూస్తే ఉగాది లేదు.