బీడంటే పనికిరాని నేలా?

దేవరకొండ చల్క: మా అమ్మాయి పరీక్షలో ‘బీడు’కు ‘పశువులు మేసే నేల’ అని అర్థం రాసింది. మార్కు పోయింది. ‘బంజరు, పనికిరాని భూమి’ అని రాయాలట. పశువులు మేసే నేల అని చెప్పింది మా నాన్న. ఆయనది తప్పా?

కల్వకుర్తి పంతులు: తప్పనను. కానీ పత్రికలో ‘బీడువారిన పొలాలు’ అని చదివి పశువులను తలచుకునేదెవరు? వాడుకలో బీడు, బంజరు కలిసిపోయాయి. పిల్లలకు ఇప్పటి అర్థమే చెప్పాలి.

కాపరి మనవడు: ఎవరి వాడుకలో? మా తాత ‘బీడుకు తోలుకుపోతున్నాను’ అంటే మేతకనే. బతుకమ్మకు తంగేడు పువ్వు ఎక్కడ కోస్తారు, వరిమడిలోనా? ఏదీ మొలవని నేలే కావాలంటే చౌడు ఉంది. ఉప్పు పూసి తెల్లగా మెరుస్తుంది. ఆ మట్టినీ చాకలివాళ్లు బట్టలుతకడానికి తవ్వుకుపోయేవారు. ఇక పనికిరానిదేది?

పాత పహాణీ: మీరంతా మట్టిని చూస్తున్నారు. రెవెన్యూలో పనిచేసిన మేము హక్కును చూసేవాళ్లం. బంజరంటే ఎవరికీ పట్టా కాని సర్కారు నేల, మట్టి ఎంత మంచిదైనా సరే. ఖమ్మం వైపు వి.ఎం. బంజర ఉంది కదా, పేరు బంజరే, నిండా జనం! పట్టాదారు తన చల్కను, అంటే ఎర్ర మెట్టనేలను, ఐదేళ్లు దున్నకపోయినా అది పడావే, బంజరు కాదు.

దేవరకొండ చల్క: అయితే నాది పడావు. బోరు ఎండి రెండేళ్లయింది. చివరి వానకు ఉలవలు చల్లితే?

పాత పహాణీ: ఆ ఏడాదికి పడావు పోయినట్లే.

కల్వకుర్తి పంతులు: ఒక్క మాటకు ఇంత పట్టింపా?

కాపరి మనవడు: డబ్బుంది పంతులు గారూ. 2025లో తెలంగాణ సర్కారు రైతులకిచ్చే పెట్టుబడి సాయం, రైతు భరోసా, ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలన్నప్పుడు ‘సాగుకు యోగ్యమైన భూమి’కే అన్నారు. అప్పుడు మా ఊరిలో ఒకరి పడావు చల్కను ఇంకొకరు నోరుజారి ‘బంజరు’ అన్నారు. కొట్లాట ఆపడానికి నలుగురం పట్టాం.

కల్వకుర్తి పంతులు: సరే, మార్కు ఇవ్వాల్సిందే. ‘బీడువారిన’ను మాత్రం నేను వదలను.

దేవరకొండ చల్క: ఇదంతా నాన్నకు చదివి వినిపించాను. ‘పరుల చేనిలో పడిందని మన ఎద్దును బంజరుదొడ్డిలో, అదే బందెలదొడ్డిలో, కట్టేస్తే దండుగ కట్టి విడిపించింది నేను. బంజరంటే ఏమిటో నాకు చెబుతారా?’ అన్నాడు. సోమవారం బడికి ఆయనే వెళతాడట.