పైథాన్ నుంచి ఎక్స్ఎస్ఎల్‌టీప్రాక్ నడిపితే ఖాళీ పట్టిక వస్తోంది

ప్రశ్న: మా గ్రంథాలయం పుస్తకాల జాబితా ఎక్స్ఎంఎల్ ఫైలుగా ఉంది. దాన్ని హెచ్‌టీఎంఎల్ పట్టికగా మార్చడానికి ఒక ఎక్స్ఎస్ఎల్‌టీ ఫైలు రాసి, పైథాన్ సబ్‌ప్రాసెస్ ద్వారా, ఆ ఫైలును అమలు చేసే ప్రోగ్రాం అయిన ఎక్స్ఎస్ఎల్‌టీప్రాక్‌ను నడుపుతున్నాను. సంవత్సరం, విభాగం రెండూ ‘పరామ్’ ఆప్షన్‌తో పంపుతున్నాను. సంవత్సరం 2019 అని ఇస్తే వరుసలు సరిగానే వస్తున్నాయి. విభాగం ‘నవల’ అని ఇస్తే శీర్షిక తప్ప ఒక్క వరుసా రావడం లేదు. ఎర్రర్ సందేశం లేదు, రిటర్న్ కోడ్ కూడా సున్నాయే. రెండు రోజులుగా వెతుకుతున్నాను, ఎవరైనా చెప్పగలరా?

జవాబు: సంవత్సరం పని చేసి విభాగం పని చేయలేదన్నారు చూడండి, కారణం అక్కడే ఉంది. పరామ్‌తో పంపిన విలువను ఆ ప్రోగ్రాం మామూలు పదంగా తీసుకోదు, ఎక్స్‌పాత్ (ఎక్స్ఎంఎల్‌లోని భాగాలను వెతికే భాష) సూత్రంగా లెక్కిస్తుంది. 2019 ఎక్స్‌పాత్‌లోనూ సంఖ్యే. నవల మాత్రం అక్కడ ట్యాగు పేరు. ట్యాగులకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు కాబట్టి దానికి అందులో తప్పేమీ కనిపించదు. నవల అనే ట్యాగు కోసం వెతికి, దొరక్క, ఖాళీ ఫలితం ఇస్తుంది. ఖాళీతో ఏ పుస్తకమూ సరిపోలదు. మీరు ‘బాల సాహిత్యం’ అని రెండు పదాలు ఇచ్చి ఉంటే సూత్రం తప్పని వెంటనే చెప్పేది.

పరామ్ బదులు ‘స్ట్రింగ్‌పరామ్’ వాడండి. పైథాన్‌లోని ఎల్‌ఎక్స్ఎంఎల్ లైబ్రరీ వాడేవారికీ ఇదే చిక్కు. అక్కడ విలువను స్ట్ర్‌పరామ్ ఫంక్షన్‌లో చుట్టి పంపాలి.

ఇంకొక్కటి తప్పక చేయండి. ఒక్క పుస్తకమూ దొరకకపోతే, టెర్మినేట్‌కు ‘yes’ అని పెట్టిన ఎక్స్ఎస్ఎల్ మెసేజ్ వచ్చేలా మీ ఎక్స్ఎస్ఎల్‌టీలో రాసుకోండి. అప్పుడు రిటర్న్ కోడ్ 10 వస్తుంది. సబ్‌ప్రాసెస్ రన్ ఫంక్షన్‌కు చెక్ ట్రూ ఇచ్చి ఉంటే పైథాన్ అక్కడే ఆగిపోతుంది. ఖాళీ పట్టిక పాఠకుల దాకా వెళ్లడం కన్నా అది ఎంతో మేలు.

ప్రశ్న: స్ట్రింగ్‌పరామ్‌తో వరుసలన్నీ వచ్చాయండి, చాలా ధన్యవాదాలు! కానీ విండోస్ కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు చెదిరిపోతున్నాయి. పైగా రచయితల వారీగా గుంపులు చేద్దామని ‘ఫర్ ఈచ్ గ్రూప్’ రాస్తే పని చేయడం లేదు.

మరొకరి జవాబు: మీరు రన్ ఫంక్షన్‌కు టెక్స్ట్ ట్రూ ఇచ్చి ఉంటారు. అలా ఇస్తే పైథాన్ ఆ కంప్యూటర్‌లోని సొంత ఎన్‌కోడింగ్‌తో చదువుతుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని విడిగా చెప్పండి. అసలు ఫలితాన్ని పైథాన్ చేతికి తీసుకోకుండా, ఫైలులోకి రాసే పని ఎక్స్ఎస్ఎల్‌టీప్రాక్‌కే అప్పగించడం ఇంకా మంచిది.

ఫర్ ఈచ్ గ్రూప్ 2007లో వచ్చిన ఎక్స్ఎస్ఎల్‌టీ 2.0లోది. ఎక్స్ఎస్ఎల్‌టీప్రాక్‌కు 1999 నాటి 1.0 మాత్రమే వచ్చు. గుంపులు కావాలంటే 2.0 కూడా తెలిసిన శాక్సన్ హెచ్ఈ అనే ప్రోగ్రాం దించుకోండి, ఉచితమే. అది జావా ప్రోగ్రాం కనుక ఒక్కో ఫైలుకూ విడిగా మొదలుపెడితే ఆ ఆలస్యం ప్రతిసారీ పడుతుంది. మూలానికీ ఫలితానికీ ఫైలు పేర్లకు బదులు ఫోల్డర్ల పేర్లు ఇవ్వండి, అన్నిటినీ ఒకే విడతలో మార్చేస్తుంది.