ఇంటి పనులకూ, కారు, బైకు మరమ్మతులకూ కార్డ్‌లెస్ పనిముట్లు: ఏవి ముందు కొనాలి?

తెనాలి మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మా నాన్నగారు 1994లో కట్టించిన ఇటుక గోడల ఇంట్లో ఉంటున్నాం. 12 ఏళ్ల మారుతి స్విఫ్ట్ ఒకటి, స్ప్లెండర్ ఒకటి ఉన్నాయి. కర్టెన్ రాడ్లు, అల్మరా కీళ్లు, కొళాయిల దగ్గర చిన్న పనులు, బైకు ఆయిలు మార్చడం, కారు చక్రాలు విప్పడం వంటివి నా చేతులతోనే చేసుకోవాలన్నది నా కోరిక. ఇందుకు 20 వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను.

ఈ ఆలోచన రావడానికి ఒక కారణం ఉంది. పోయిన వేసవిలో ఒంగోలు దాటాక జాతీయ రహదారి మీద కారు టైరు పంక్చరైంది. అంతకు వారం ముందే ఒక టైర్ల దుకాణంలో గాలి గన్నుతో నట్లు బిగించారు. కారుతో వచ్చిన పానా మీద నా బరువంతా మోపినా ఒక్క నట్టు కూడా కదలలేదు. పిల్లలతో రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. అప్పటి నుంచి బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ నట్లను తిప్పే మిషన్) ఒకటి కారులో ఉండి తీరాలని అనుకుంటున్నాను.

నా సందేహాలు ఇవి. 12 వోల్టులు సరిపోతాయా, 18 వోల్టులు కావాలా? ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు ‘128 వీఎఫ్’, ‘15,000 ఎంఏహెచ్’ అని రాసి అమ్ముతున్న రెంచ్‌లు, పేరున్న కంపెనీల 18 వోల్టుల వాటికన్నా నిజంగా శక్తిమంతమైనవా? డల్లాస్‌లో ఉన్న మా బావమరిది సంక్రాంతికి వస్తూ అక్కడి 20 వోల్టుల సెట్టు తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

కూకట్‌పల్లి ఫిట్టర్ (సమాధానం):

మాస్టారూ, నేను 15 ఏళ్లుగా అపార్ట్‌మెంట్లలో వుడ్ వర్క్, ఫిట్టింగ్ పనులు చేస్తున్నాను. గోడల సంగతి నేను చెబుతాను. చక్రాల సంగతి తెలిసినవారు చెబితే బాగుంటుంది.

12 వోల్టుల డ్రిల్లు తేలిగ్గా ఉంటుంది, అల్మరాలో చెయ్యి దూరని మూలల్లో హాయిగా తిరుగుతుంది. చెక్క పని ఒక్కటే అయితే నేను అదే కొనమనేవాణ్ణి. కానీ అందులో గోడకు కావలసిన దెబ్బ ఉండదు, ఆ బ్యాటరీ మీద నడిచే పెద్ద పనిముట్లూ తక్కువ. మీకు గోడలూ ఉన్నాయి, బండ్లూ ఉన్నాయి కాబట్టి 18 వోల్టులే తీసుకోండి. బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్‌లు లేని) మోటారు ఉన్న, 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టును పట్టుకునే భాగం) ఉన్న హ్యామర్ డ్రిల్లు ఒకటి, దానితో రెండు బ్యాటరీలు, ఒక చార్జరు కొనండి. ఆ తరువాత అదే కంపెనీలో బ్యాటరీ లేకుండా ఒట్టి మిషన్‌ను ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. అందుకే మొదటిసారి కొనేటప్పుడు మిషన్ కన్నా బ్యాటరీ కుటుంబాన్నే ఎక్కువగా చూడాలి. ఒకే కంపెనీలో కూడా అన్నీ కలవవు. బాష్ నీలం రంగు ప్రొఫెషనల్ మిషన్ల 18 వోల్టుల బ్యాటరీ, అదే బాష్ ఆకుపచ్చ రంగు గృహోపయోగ మిషన్లకు పట్టదు. మీ ఊళ్లో గానీ, గుంటూరు, విజయవాడల్లో గానీ ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో కూడా ముందే విచారించండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ గోడ ఇటుకదే అయినా, కర్టెన్ రాడ్ క్లాంపు బిగించేది కిటికీ పైన కాబట్టి అక్కడ తగిలేది ఇటుక కాదు, లింటెల్ (కిటికీ పై దూలం) కాంక్రీటు. ప్లాస్టరింగ్ వరకు డ్రిల్లు చకచకా వెళ్లి, ఆ తరువాత అంగుళం కూడా దిగకుండా బిట్టు ఎర్రబడుతుంది. చాలామంది మిషన్ మంచిది కాదని అక్కడే అనుకుంటారు. హ్యామర్ డ్రిల్లులో రెండు పళ్ల బిళ్లలు ఒకదానిపై ఒకటి రాసుకుంటూ చిన్న చిన్న కుదుపులు ఇస్తాయి, మిగతా బలం మన భుజానిదే. ఎస్‌డీఎస్ ప్లస్ అనే గాడుల బిట్టు పట్టే రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి ఆ గాలితో సుత్తి దెబ్బ కొడుతుంది కాబట్టి మనం ఊరికే పట్టుకుంటే చాలు. ఈ మధ్య హైదరాబాద్‌లో మైవాన్ పద్ధతిలో కట్టిన టవర్లలో లోపలి గోడలతో సహా అన్నీ కాంక్రీటే కావడంతో, అక్కడ మాకు రోటరీ హ్యామర్ లేనిదే పూట గడవదు. మీకు మాత్రం దాన్ని కొనవలసిన అవసరం లేదు. లింటెల్ మీదా, స్లాబు మీదా పడే రంధ్రాలన్నీ ముందుగా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, కరెంటు మీద నడిచే రోటరీ హ్యామర్‌ను ఒక రోజు అద్దెకు తెచ్చుకుంటే పూర్తవుతుంది.

మరో రెండు మాటలు. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా రంధ్రం వేయకండి, వైర్ల పైపు సాధారణంగా ఆ వరుసలోనే పోతుంది. బాత్రూం టైలు మీద హ్యామర్ మోడ్ ఆపేసి, టైలు బిట్టుతో నెమ్మదిగా టైలు దాటాకే హ్యామర్ పెట్టండి.

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ (సమాధానం):

మాస్టారూ, ఒంగోలు దగ్గర మీరు పడిన ఇబ్బంది చదివి బాధ కలిగింది. అయితే ఒక్క విషయం సూటిగా చెప్పాలి. ఆ రోజు మీ దగ్గర రెంచ్ లేకపోవడం కన్నా, అంతకు వారం ముందు ఎవరో నట్లను లెక్క లేకుండా బిగించడం వల్లే ఆ ఇబ్బంది వచ్చింది. చిన్న కార్ల చక్రం నట్లకు సుమారు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) బిగువు చాలు, మీ కారుకు ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది. అర మీటరు పొడవున్న రాడ్డు చివర 20 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేది దాదాపు 100 న్యూటన్ మీటర్లు. గాలి గన్ను గానీ, పెద్ద ఇంపాక్ట్ రెంచ్ గానీ రెండు మూడు సెకన్లు ఎక్కువ నొక్కితే ఇంతకు రెండింతలు, మూడింతలు దాటిపోతుంది. స్టడ్డు (నట్టు ఎక్కే మరల కడ్డీ) సాగుతుంది, బ్రేకు డిస్కు వంకర తిరిగి బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. ఇలా వచ్చిన బండ్లు నా షెడ్డులో ఎన్నో చూశాను.

అందువల్ల మీ 20 వేలలో మొదట ఒక టార్క్ రెంచ్ (ఎంత బిగించాలో అంకె పెట్టుకునే పానా), సుమారు 60 సెంటీమీటర్ల పొడవున్న అర అంగుళం బ్రేకర్ బారు (గట్టి నట్లను విప్పే పొడవాటి రాడ్డు), 19 మిల్లీమీటర్ల సాకెట్ కొనండి. ఈ మూడింటికీ చార్జింగ్ అక్కర్లేదు. మే నెల ఎండలో డిక్కీలో పడి ఉన్నా ఏమీ కాదు. ఎంత గట్టి నట్టయినా, చక్రం నేల మీద ఉండగానే ఆ బారుతో పావు చుట్టు వదులు చేసి, ఆ తరువాత జాకీ ఎత్తండి. బిగించేటప్పుడు ముందు చేతి వేళ్లతో మరలు పట్టించి, ఎదురెదురు నట్లను వరుస మార్చి బిగిస్తూ, చక్రం నేలకు ఆన్చాక టార్క్ రెంచ్‌తో ముగించండి. మరలకు నూనె, గ్రీజు పెట్టవద్దు. పెడితే అదే కొలతకు నట్టు కావలసిన దానికన్నా ఎక్కువ బిగుస్తుంది.

అయినా పవర్ రెంచ్ కావాలంటే, ఫిట్టర్ గారు చెప్పిన బ్యాటరీ కుటుంబంలోనే 200 న్యూటన్ మీటర్ల తరగతిది చూడండి. ఉదాహరణకు బాష్ జీడీఎక్స్ 18వీ-200లో పావు అంగుళం స్క్రూ బిట్టూ, అర అంగుళం సాకెట్టూ రెండూ పడతాయి కాబట్టి మీలాంటివారికి ఒకే మిషన్ రెండు పనులు చేస్తుంది. సరిగ్గా బిగించిన నట్లను అది విప్పుతుంది. తుప్పు పట్టినవాటికీ, గన్నుతో బాదినవాటికీ బ్రేకర్ బారే దిక్కు. దానికి నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడండి. తళతళ మెరిసే మామూలు సాకెట్లు ఆ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా ఆ మిషన్ ముట్టుకోకండి.

స్ప్లెండర్ దగ్గరకు మాత్రం ఏ ఇంపాక్ట్ మిషనూ తీసుకుపోకండి. ఇంజన్ అల్యూమినియంది. ఆయిలు డ్రెయిన్ బోల్టు మరలు ఒక్కసారి పోయాయంటే రీథ్రెడింగ్ (మరలు మళ్లీ కోయించడం) తప్పదు. అక్కడ చేతి పానాయే సరైన పనిముట్టు.

బ్యాటరీ ఇంజనీరు, బెంగళూరు (సమాధానం):

నేను లిథియం బ్యాటరీ ప్యాక్‌ల తయారీలో పని చేసే తెలుగువాణ్ణి. ‘128 వీఎఫ్’ అంటే 128 వోల్టులు కాదు. ఆ అక్షరాలకు సాంకేతికంగా అర్థమే లేదు. ఆ ప్యాక్‌లలో చాలావాటిలో ఉండేవి వరుసగా కలిపిన 5 సెల్లులే. ఒక్కో లిథియం సెల్లు సగటున 3.6 వోల్టులు ఇస్తుంది కాబట్టి అయిదింటికి 18. నిండా చార్జి చేస్తే ఒక్కోటి 4.2కు చేరుతుంది కాబట్టి 21. అంటే 18, 20, 21 అని పెట్టెల మీద కనిపించే అంకెలన్నీ ఒకే బ్యాటరీకి పెట్టిన పేర్లు. అలాగే 12 వోల్టులు అని అమ్మేది 3 సెల్లులది, దాని సగటు 10.8.

‘15,000 ఎంఏహెచ్’ (అంటే 15 ఆంపియర్ అవర్లు, బ్యాటరీ దాచుకోగల చార్జి) సంగతి కూడా లెక్కతో తేల్చవచ్చు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే సాధారణ సెల్లులలో మేలైనది కూడా 3.5 ఆంపియర్ అవర్ల దగ్గర ఆగుతుంది. అటువంటివి 10 పెట్టి, రెండేసి జతలుగా కలిపినా ప్యాక్ మొత్తానికి 7 దాటదు. ఒక్కో సెల్లు 45 గ్రాముల పైచిలుకు ఉంటుంది కాబట్టి, చేతిలో తేలిగ్గా ఉన్న ప్యాక్ మీద పెద్ద అంకె కనిపిస్తే దాన్ని నమ్మకండి. ధర తక్కువ అన్నదానికన్నా నన్ను భయపెట్టేది, అలాంటివాటిలో వేడినీ, సెల్లుల మధ్య తేడానూ గమనించే సర్క్యూట్ నాసిరకంగా ఉండే అవకాశం.

డల్లాస్ సెట్టు విషయంలో జాగ్రత్త. అమెరికా చార్జర్లు సాధారణంగా 120 వోల్టులకు మాత్రమే చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే వెంటనే పాడవుతాయి. ఒకవేళ మిషన్ తెప్పించుకున్నా, అదే కుటుంబం చార్జరును ఇక్కడ కొనుక్కోవాలి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కంపెనీని అడగండి. విమానంలో విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే తేవాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల లోపు ఉంటే విమాన సంస్థ అనుమతి అడగనక్కర్లేదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. 18 వోల్టుల 4 ఆంపియర్ అవర్ల ప్యాక్ 72 వాట్ అవర్లు, 6 ఆంపియర్ అవర్లదైతే 108.

మన వేసవికి ఒక మాట. 45 డిగ్రీలు దాటిన చోట లిథియం సెల్లులను చార్జి చేయకూడదు. మంచి చార్జర్లు ప్యాక్ చల్లారే వరకు ఆగుతాయి. ఎండలో పని ముగియగానే ప్యాక్‌ను చార్జరులో పెట్టకుండా అరగంట నీడలో ఉంచండి. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జితో, ఇంట్లో చల్లటి చోట దాచండి. నిండా చార్జి చేసి కారులో వదిలేసిన ప్యాక్ తొందరగా ముసలిదవుతుంది. అందుకే మెకానిక్ గారు చెప్పిన బ్రేకర్ బారు మాటను నేను పూర్తిగా సమర్థిస్తున్నాను.

తెనాలి మాస్టారు:

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. బావమరిదికి ఏమీ తేవద్దని చెప్పేశాను. ఈ ఆదివారం విజయవాడ వెళ్లి టార్క్ రెంచ్, బ్రేకర్ బారు, సాకెట్ తెచ్చుకుంటాను. ఆ తరువాత 18 వోల్టుల హ్యామర్ డ్రిల్లు, 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండు. ఇంపాక్ట్ రెంచ్ మరుసటి ఏడాది చూస్తాను. మెకానిక్ గారూ, టైర్ల దుకాణంలో ఇప్పటికే గన్నుతో బిగించి ఉన్న మిగతా మూడు చక్రాల సంగతి ఏమి చేయమంటారు?

ఆటోనగర్ మెకానిక్, విజయవాడ:

బారు చేతికి రాగానే ఇంటి ముందే ఆ పని చేసేయండి మాస్టారూ. బండి చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒక్కో నట్టునే వదులు చేసి మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగిస్తూ పోండి, జాకీ ఎత్తనవసరం లేదు. ఏదైనా నట్టు బిగుసుకోకుండా మెత్తగా తిరుగుతూనే ఉంటే దాని స్టడ్డు సాగినట్టు లెక్క. ఆ బండితో దూర ప్రయాణం పెట్టుకోకుండా స్టడ్డు మార్పించండి. 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడండి. పని అయ్యాక టార్క్ రెంచ్‌ను అన్నింటికన్నా తక్కువ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసి కొలత తప్పుతుంది.