అప్‌డేట్: గువ్వలచెరువు ఘాట్‌లో ఆగిన కారుకు 45 వేలు వెనక్కొచ్చాయి

కడపలో 3.40 లక్షలకు కొన్న సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు పదో రోజే ఘాట్ ఎక్కుతూ పొగలు కక్కిందని, డీలర్‌ని డబ్బులడగొచ్చా అని పోయిన నెల అడిగాను కదా.

మీరు చెప్పినట్టే ముందు వేరే మెకానిక్‌కు చూపించా. ఆయిల్ మూత తిప్పితే లోపల మజ్జిగలాగా తెల్లటి నురగ. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది దిమ్మెకూ మధ్య ఉండే సీలు) పోయి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఆయిల్లో కలిసింది. రేడియేటర్‌లో పాత లీక్‌ని ఆపడానికి పోసిన పొడి గడ్డకట్టి ఉంది. నాకు మండింది అక్కడే: తెలిసే అమ్మినారు! రాతపూర్వక ఎస్టిమేట్ 62 వేలు.

డీలర్ దగ్గరికి పోతే, "అన్నా, పాత బండికి గ్యారంటీ ఎవురిస్తారు?" అన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, ఫొటోలతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపా. 5 లక్షల లోపు కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదని కూడా రాశా. నాలుగో రోజు ఫోన్ చేసి, 20 వేల దగ్గర మొదలెట్టి 45కి వచ్చాడు. డబ్బులు అకౌంట్లో పడ్డాకే రాజీ కాగితం మీద సంతకం పెట్టా.

మిగతా 17 వేలు నా జేబులోంచే. నిన్న మళ్లీ ఘాట్ ఎక్కించా, వేడెక్కలేదు. పైన ఆపి పాలకోవా కూడా తిన్నాం.